తీశాడా, తీసుకున్నాడా?

'ఉద్యోగంలోకి తీసుకున్నారు', 'ఉద్యోగంలోంచి తీసేశారు'. రెంటికీ మూలం 'తీయు' ఒక్కటే. ఒకచోట మనిషి లోపలికొచ్చాడు, ఇంకోచోట బయటపడ్డాడు. తేడా అంతా వెనక చేరిన 'కొను', 'వేయు'లదే.

ఈ 'కొను'ని వ్యాకరణంలో ఆత్మార్థకం అంటారు. పని ఫలం చేసినవాడికే చెందుతుందన్నమాట. ఆ ఫలం మంచిదే కానక్కర్లేదు. 'నలుగురిలో నా పరువు తీశావు' అంటే నష్టం నాకు. 'పరువు తీసుకున్నావు' అంటే నీ చేతులారా నువ్వే చేసుకున్నావు. ఎదుటివాళ్ళకి ఫోటో తీస్తాం, సెల్ఫీ అయితే తీసుకుంటాం, లేదా దిగుతాం. సెల్ఫీ నిన్నమొన్న వచ్చిన మాట. దానికి ఏ క్రియ అతకాలో ఎవరూ నేర్పలేదు, అయినా అందరికీ తెలిసిపోయింది.

తికమక ఎక్కువగా కనిపించేది 'ప్రాణం' దగ్గర. 'ప్రాణం తీశాడు' అంటే హత్య, 'ప్రాణం తీసుకున్నాడు' అంటే ఆత్మహత్య. అందుకే 'ప్రమాదం ముగ్గురి ప్రాణాలు తీసుకుంది' అని రాస్తే చెవికి అడ్డం తగులుతుంది. 'ప్రాణాలు తీసింది' అంటే చాలు. 'బలి తీసుకుంది' మాత్రం సరైన ప్రయోగమే, బలి అనేది పుచ్చుకునేదే కదా! ఈ మధ్య 'టెన్షన్ తీసుకోకు' కూడా వినిపిస్తోంది. తీసుకోడానికి ఎవరిచ్చారట? భయపడ్డట్టే టెన్షనూ పడతాం.

ఇక 'వెళ్ళు', 'పోవు'. 'వాన పడేలా ఉంది, గొడుగు తీసుకెళ్ళు' అంటే సలహా. 'నా గొడుగు ఎవరో పట్టుకుపోయారు' అంటే ఫిర్యాదు. కోస్తా మాటలో 'పోవు' చేరితే పోగొట్టుకున్న బాధ కాస్త కలుస్తుంది. 'ఎత్తుకుపోయారు' అంటే ఇక అనుమానమే లేదు, దొంగతనమే. తెలంగాణలో 'తీస్కపో' మామూలు మాట, అందులో నిష్ఠూరం వెతకకూడదు. అక్కడ వస్తువుల్ని తీస్కపోతారు, మనుషుల్ని తోల్కపోతారు. 'పిల్లల్ని తోల్కపో' అంటే కోస్తావాళ్ళకి పశువుల్ని తోలడం గుర్తొస్తుంది గానీ, అక్కడివాళ్ళకి అది వెంటబెట్టుకెళ్ళడమే. రాయలసీమలో పిల్చుకుపోతారు. నాకు ఈ మాటల్లో ఇదే మర్యాదగా అనిపిస్తుంది, పిలిస్తేనే కదా మనిషి వెంట వచ్చేది. 'పట్టుకెళ్ళారు' మాత్రం వస్తువులకే ఉంచడం మేలు. మనిషిని పట్టుకెళ్ళారంటే చాలామందికి పోలీసులే గుర్తొస్తారు.