మూతి నుంచి కూరితే చాలా? ఏది సంప్రదాయ తుపాకీ?

గౌతమిగట్టు, అమలాపురం:
ఇన్‌లైన్ అనే కొత్తరకం తుపాకీకీ మందు, గుండు మూతి నుంచే కూరతారు కదండీ. మరి అది సంప్రదాయం కాదంటారేంటి? చకుముకి ఉంటేనే లెక్కా, సుత్తి దెబ్బకి పేలే చిన్న లోహపు టోపీ పెట్టేవీ వస్తాయా? ఇంకోటి, గుండు చుట్టే గుడ్డకి మన కొబ్బరి నూనె పట్టించొచ్చా?

వశిష్ఠరేవు, నరసాపురం:
మూతి సంగతి కాదండీ, నిప్పు ఎక్కడ అంటుకుంటుందో చూడాలి. పాత వాటిలో సుత్తి గొట్టం పక్కనుంటుంది. చకుముకి రాయి ఉక్కు పలకని గీరగానే రవ్వలు రంజకపు గిన్నెలో పడతాయి, పక్క చిల్లులోంచి లోపలి మందు అందుకుంటుంది. టోపీ దారికి మొదలు, దెబ్బకి పేలే రసాయనంతో మందు అంటించే 1807 నాటి ఫోర్సైత్ పేటెంటు. 1857 తూటాల గొడవలో విన్న 1853 ఎన్‌ఫీల్డ్ రైఫిల్ టోపీదే. కాబట్టి టోపీ సంప్రదాయమే. ఇన్‌లైన్‌లో మాత్రం నిప్పు పుట్టించేది, ఇప్పుడు ఎక్కువగా షాట్‌గన్ తూటాల్లో వాడే 209 ప్రైమర్, గొట్టం వెనకే తిన్నగా కూర్చుంటుంది. ఇన్‌లైన్ పద్ధతిని జనంలోకి తెచ్చిన టోనీ నైట్ తుపాకీ ఎంకే-85 వచ్చింది 1985లో.

గొట్టం లోపల గుండుని తిప్పే గాళ్ల మెలిక కూడా చూడండి. గుండ్రటి సీసపు గుండుకి 60, 66 అంగుళాలకో చుట్టు నప్పుతుంది. ఇన్‌లైన్‌లో ప్లాస్టిక్ తొడుగు తూటాల కోసం 28 అంగుళాలకే చుట్టు పెడతారు. అందులో గుడ్డ చుట్టిన గుండు వేసి మందు పెంచితే గాళ్ల పట్టు వదిలి జారిపోతుంది, గురి చెదురుతుంది.

లంకమిత్ర, రావులపాలెం:
టోపీకి అంత తేలిగ్గా ముద్ర వేసేయకండి, ఆడే చోటుని బట్టి ఉంటుంది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాతి వేట సీజన్‌కి చకుముకిదే ఉండాలి. మూతి నుంచి కూరే తుపాకుల అంతర్జాతీయ సంఘం ఎంఎల్‌ఏఐసీ ప్రపంచ పోటీల్లో రెండూ ఉన్నాయి: మిక్వెలెట్ అంటే 50 మీటర్లలో చకుముకి మస్కెట్, మినీ అంటే 100 మీటర్లలో టోపీ మిలిటరీ రైఫిల్. అసలు పాతవీ, నకళ్లూ వేరు తరగతులు. మందు మాత్రం బ్లాక్ పౌడరే. దాన్ని నల్లమందని రాయకండి బాబూ, అది వేరే కేసు! దానికి బదులు వాడే పైరోడెక్స్ అంటుకోడానికి వేడి ఎక్కువ కావాలి, చకుముకి రవ్వకి చాలాసార్లు లొంగదు. పొగరాని మందు ఏ పాత పద్ధతి గొట్టంలోనూ పోయకండి, పగులుతుంది.

కొబ్బరాకు, రాజోలు:
కొబ్బరి నూనెకేం దోషం లేదండీ. పెట్రోలియం గ్రీజుతోనే తంటా, మసితో కలిసి తారులా గట్టిపడుతుంది. కాకపోతే మన ఎండకి నూనె నీళ్లలా ఉండి మందులోకి దిగిపోతుంది. తేనెమైనం కరిగించి, వెన్నముద్దలా అయ్యేదాకా కలపండి. గుడ్డ నూటికి నూరుపాళ్లూ నూలుదే వాడాలి, పాలిస్టర్ అయితే గొట్టంలో కరిగి అంటుకుంటుంది. .50 గొట్టానికి .490 గుండు, .015 అంగుళాల గుడ్డతో మొదలెట్టండి. కొత్త నేతగుడ్డని ఉతికి, గంజి వదిలాకే మందం కొలవండి.

గుండు మందు మీద ఆనాల్సిందే. మధ్యలో ఖాళీ ఉంటే గొట్టం ఉబ్బుతుంది. గుండు దించే కడ్డీ మీద ఖాళీ గొట్టానికో గీత, కూరాకో గీత పెట్టుకోండి. కాల్చాక మసి తేమ లాగుతుంది, ఉప్పుగాలిలో రాత్రంతా వదిలేస్తే తుప్పే. అదే రోజు సబ్బు కలిపిన వేడి నీళ్లతో కడిగి, ఆరబెట్టి నూనె పట్టించండి.

గౌతమిగట్టు:
మరి తాతల నాటిది గోడకున్నా లైసెన్సు కావాలా?

లంకమిత్ర:
పేలే స్థితిలో ఉన్నా, బాగుచేస్తే పేలేలా ఉన్నా కావాలండీ, 1959 ఆయుధాల చట్టం ప్రకారం. వేటకైతే 1972 వన్యప్రాణి చట్టం అడ్డు. రేంజిలో కాగితం మీదే గురి.