అప్‌డేట్: హవాయి ట్రిప్ రెండు దీవులకే ఖాయం చేశాం

ఓహు, మావి, కవాయి, బిగ్ ఐలాండ్ నాలుగూ ఒకే ట్రిప్‌లో చూడొచ్చా అని అడిగాను కదా. మీలో చాలామంది వద్దన్నారు. ఆ మాటే విన్నాం. వీటి మధ్య ఫెర్రీలు లేవు, దీవి మారాలంటే విమానమే. రూమ్ ఖాళీ చేయడం, కారు తిరిగివ్వడం, మళ్లీ ఎయిర్‌పోర్టు... సగం రోజు అక్కడే పోతుంది. అందుకే మావి, బిగ్ ఐలాండ్ మాత్రమే.

బిగ్ ఐలాండ్‌లో బస ఎక్కడ అన్నదానిపైనే ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. ఈశాన్యం నుంచి వచ్చే తేమగాలులను మౌనా కేయా, మౌనా లోవా పర్వతాలు అడ్డుకుంటాయి. అందుకే తూర్పున హీలో వైపు వానలు, పడమర కోనా వైపు ఎండ. కానీ కిలావేయా అగ్నిపర్వతం హీలోకే దగ్గర. చివరికి రెండు చోట్లా ఉండేలా బుక్ చేశాం. అమ్మకి సముద్రం కావాలి, నాకు అగ్నిపర్వతం కావాలి! లావా కనిపించడం మన చేతుల్లో లేదు, వెళ్లేముందు యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) రోజువారీ సమాచారం చూసుకుంటాం.

మావిలో హలేయకలా పర్వతం మీద సూర్యోదయం చూడాలంటే రిజర్వేషన్ తప్పనిసరి. 60 రోజుల ముందు తెరుస్తారు, మాకు దొరికింది. శిఖరం ఎత్తు 3,055 మీటర్లు కాబట్టి స్వెటర్లు కూడా సర్దుతున్నాం. స్కూబా డైవింగ్ చేశాక 24 గంటల్లోపు అంత ఎత్తుకు వెళ్లకూడదని చెప్పినవారికి ప్రత్యేకంగా థాంక్స్. ఆ రెండింటి మధ్య ఒక రోజు ఖాళీగా ఉంచాం. పగడపు దిబ్బలను కాపాడటం కోసం 2021 నుంచి ఆక్సిబెంజోన్, ఆక్టినోక్సేట్ అనే రసాయనాలు ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని హవాయిలో నిషేధించారు, మేం జింక్ ఆక్సైడ్‌ది తీసుకున్నాం.