మిగిలిన గుడ్డముక్కలతో కుషన్ కవర్: కుట్టినవాళ్ళు చెప్పండి

ఎంవీపీ_కాలనీ:
బీరువా అడుగున రెండు సంచుల ముక్కలు పోగయ్యాయి. జాకెట్లు కుట్టగా మిగిలినవి, పాత కలంకారీ చున్నీ, కాస్త ముతక ఖద్దరు, పట్టుచీర అంచు, పాప స్కూల్ ప్రాజెక్టుకి కొన్న ఫెల్ట్ కూడా. సోఫాకి 16 అంగుళాల కుషన్ కుడదామని ఉంది. అన్నీ కలిపేయొచ్చా? ఇంట్లో ఉన్నది పాత నల్ల మిషన్, తొక్కుడుది.

గాజువాక_టైలరింగ్:
మిషన్‌కేం పర్లేదు మేడమ్, నేరుగా కుట్టడానికి దాన్ని మించింది లేదు. అన్నీ మాత్రం కలపకండి. అందరూ రంగు చూసి ముక్కలు ఏరుతారు, ముందు చూడాల్సింది మందం. టూబైటూ (జాకెట్లకి వాడే పల్చటి కాటన్) పక్కన ఖద్దరు పెడితే పల్చటి ముక్క కుట్టు దగ్గర ముడుచుకుంటుంది, ఉతికాక ఇంకా తేడా తెలుస్తుంది. పల్చటివన్నీ ఒక కుప్ప, మందంవి ఒక కుప్ప చేసుకోండి. ఫెల్ట్ పక్కన పెట్టేయండి, రాపిడికి నూగు లేస్తుంది.

కొలత: నాలుగున్నర అంగుళాల చదరాలు 16. వరసకి నాలుగు, నాలుగు వరసలు. ప్రతి చదరానికీ చుట్టూ పావు అంగుళం కుట్టుకి పోతే సరిగ్గా 16 తేలుతుంది. ఆ పావు అంగుళం చెదరకుండా మిషన్ ప్లేటు మీద టేపు ముక్క అతికించుకోండి. జాకెట్ చంకల దగ్గర మిగిలినవి ఎక్కువగా క్రాస్‌లో, అంటే పోగుకి ఏటవాలుగా ఉంటాయి. లాగి చూడండి, సాగితే పోగు వెంట మళ్ళీ కత్తిరించాలి, లేదంటే చదరం చదరంగా ఉండదు.

సముద్రగాలి:
కత్తిరించే ముందు అన్నీ ఒకసారి తడిపి ఆరబెట్టండి. కాటన్ కుంచించుకుపోతుంది, అది కుట్టాక జరిగితే కవరంతా వంకర. కలంకారీ ఎరుపుని తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి, రంగు అంటితే పక్కన తెల్లముక్క వద్దు.

అనకాపల్లి_ఆడపడుచు:
మిషన్ దాకా ఎందుకమ్మా? పాత చీరలు పరిచి బొంతలు కుట్టినవాళ్ళం. అడుగున పాత కాటన్ చీర ముక్క వేసి, పైన ఇవన్నీ పరిచి, పురికొసలాంటి దారంతో రన్నింగ్ స్టిచ్ వేసుకుంటూ పో. మందం తేడాలు అందులోనే కలిసిపోతాయి.

గాజువాక_టైలరింగ్:
బొంతకి ఓకే అక్కా, అక్కడ కింద గుడ్డ మోస్తుంది. సోఫా మీద పిల్లలు గుంజే కుషన్‌కి అతుకులు మిషన్ మీద వేసి, పైన చేత్తో కుట్టుకుంటే రెండూ దక్కుతాయి. ఇంకోటి, ఇస్త్రీ. మొదటి వరస అతుకులు కుడివైపుకి, రెండోదానివి ఎడమకి వంచి ఇస్త్రీ చేస్తే వరసలు కలిపేటప్పుడు అతుకు పక్కన అతుకు ఒదిగి కూర్చుంటుంది, నాలుగు మూలలూ ఒకచోట కలుస్తాయి. సగంమంది ఈ పని ఎగ్గొడతారు, తర్వాత మిషన్‌ని తిడతారు.

ఎంవీపీ_కాలనీ:
అబ్బ, మూలల టెన్షన్ తీరింది. మరి పట్టు అంచు?

గాజువాక_టైలరింగ్:
పోగులు ఊడిపోతాయి. వెనక ఇస్త్రీతో అతుక్కునే పేస్టింగ్ గుడ్డ వేసి కత్తిరించండి. జరీ బుగ్గకి గుచ్చుకుంటుంది కాబట్టి మధ్యలో కాకుండా అంచు వరసలో పెట్టండి. అయినా నన్నడిగితే అది పౌచ్‌కి దాచుకోండి, కాటన్‌తో కలిపి ఉతకలేరు.

సముద్రగాలి:
లోపలేం కూరుతున్నారు? కత్తిరింపుల తుక్కు కూరితే ఇటుకలా బరువెక్కుతుంది. పైగా మన బీచ్ గాలికి పత్తి దూదైనా తుక్కైనా చెమ్మ పట్టి వాసనొస్తుంది. మేం బూరుగు దూది వాడతాం, తేలిక, నీరు అంతగా పీల్చదు. కూరేటప్పుడు నూగు లేస్తుంది, మూతికి గుడ్డ కట్టుకోండి. దూదిని విడిగా లోపలి సంచిలో కుట్టండి, కవరు మాత్రమే ఉతుక్కోవచ్చు. సంచి 18 అంగుళాలుంటే 16 కవరు బొద్దుగా నిండుతుంది.

అనకాపల్లి_ఆడపడుచు:
ఏటికొప్పాక పూసల దండ తెగిపోయింది ఉంటే మధ్యలో గుండీలా ఒకటి కుట్టు, ముచ్చటగా ఉంటుంది. లక్క పూత కదా, వేడికి మెత్తబడుతుంది, ఇస్త్రీపెట్టె దగ్గరికి రానివ్వకు.

ఎంవీపీ_కాలనీ:
ఉంది అక్కా, దండ! ఖద్దరు వెనకవైపుకి వాడేస్తున్నా. జిప్ వేయనా, మడతతోనా?

గాజువాక_టైలరింగ్:
మడతే. పదహారున్నర పొడవు, పదకొండున్నర వెడల్పు ముక్కలు రెండు. లోపలికి వచ్చే అంచులు అంగుళం మడిచి కుడితే ఒకదాని మీద ఒకటి నాలుగున్నర అంగుళాలు పడుతుంది, నోరు తెరుచుకోదు. ఖద్దరు మందం కాబట్టి అక్కడ 16 నంబరు సూది, మిగతాదానికి 14.