మూడు డచ్ మునిసిపాలిటీలు ఒకటైతే చిహ్నం ఏది? జెండా ఏది?

బైరాగిపట్టెడ:
తిరుపతిలో స్కూలు ఎగ్జిబిషన్‌కి నెదర్లాండ్స్ పల్లె మునిసిపాలిటీల బోర్డు తయారవుతోంది. ఉదాహరణకి ఆల్టెనా. 2019 జనవరి 1న ఆల్బుర్ఖ్, వెర్కెండమ్, వౌడ్రిఖెమ్ కలిసి ఏర్పడింది. డిజైనరు ఆ మూడింటి పాత చిహ్నాల్నీ (డాలు మీద గీసే అధికారిక గుర్తుల్ని) ఒకే డాలులో గళ్లుగా పెట్టాడు. సరైనదేనా? 100×150 సెం.మీ. జెండా కూడా ఇక్కడే కుట్టించాలి. ఏ గుడ్డ తీసుకోవాలి?

గ్రీమ్స్‌పేట:
గళ్లు తీసేయించండి సార్. కలిసిన రోజుతోనే పాత మునిసిపాలిటీలు రద్దు, వాటి చిహ్నాల అధికార హోదా కూడా అంతే. కొత్తది మళ్లీ అడగాల్సిందే: హేగ్‌లో 1814 నుంచి ఉన్న హోఖె రాడ్ ఫన్ ఆడెల్ (చిహ్నాల వ్యవహారాలు చూసే ప్రభుత్వ మండలి) సలహా ఇస్తుంది, రాజు ఉత్తర్వు మీద సంతకం పెడతాడు. జెండాకి మాత్రం కౌన్సిల్ తీర్మానం చాలు. అందుకే బోర్డు మీద రెండింటి తేదీలు విడివిడిగా రాయండి.

అందరి గుర్తుల్నీ కుక్కితే పది అడుగుల దూరంలో ఒక్కటీ తెలియదు. ఆ ఊళ్లన్నిటికీ ముందునుంచీ ఉమ్మడిగా ఉన్న గుర్తు వెతకడమే మేలు. ఆల్టెనా సీమకి అలాంటిది ఉంది: పాత ప్రభువుల డాలు, బంగారు రంగు నేపథ్యం మీద వీపు వీపు వైపు తిప్పుకుని నిలబడ్డ రెండు ఎర్ర సాల్మన్ చేపలు. పాత జెండాలు పారేయక్కర్లేదు, కలిసిన తర్వాత కూడా చాలా ఊళ్లు వాటినే ఊరి జెండాగా ఎగరేస్తాయి.

కొంగారెడ్డిపల్లె:
చిహ్నం ఎలా ఉండాలో చెప్పే డచ్ వర్ణనని ఫోన్లో అనువాదం చేసి గీయకండి. ‘కేల్’ అంటే మామూలు డచ్‌లో గొంతు, చిహ్నాల భాషలో ఎరుపు. ‘సాబెల్’ కత్తి కాదు, నలుపు. ‘సినోపెల్’ ఆకుపచ్చ. ‘కుడి’ అంటే డాలు పట్టుకున్నవాడి కుడి, అంటే మనకి ఎడమ. ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు. బంగారానికి మెరిసే ఇంకు వద్దు, నికార్సైన పసుపు వేయండి. వెండికి తెలుపు.

పాత చిహ్నాల వరుస కూడా పెడితే, నీలం మీద పసుపు బొమ్మలు చాలా కనిపిస్తాయి. 1815 ప్రాంతంలో రంగులు రాయకుండా దరఖాస్తు పెట్టినవాళ్లకి ఆ రెండు రంగులే వచ్చాయి. అవి తప్పులనుకుని దిద్దకండి!

గ్రీమ్స్‌పేట:
గుడ్డ సంగతి. సబ్లిమేషన్ ప్రింటు (వేడితో రంగుని గుడ్డలోకి ఎక్కించేది) పాలిస్టరుకే పడుతుంది, కాటన్‌కి ఇస్తే రంగు వెలిసిపోతుంది. చదరపు మీటరుకి 110-115 గ్రాముల అల్లిక పాలిస్టరు అడగండి. ఒకవైపు ప్రింటు వెనక్కి తిరగబడి కనిపిస్తుంది. ఆ జంట చేపల్లాంటి బొమ్మకి ఇబ్బంది లేదు గానీ, అక్షరాలకి రెండు పొరలు కావాలి, అప్పుడు బరువెక్కి గాలికి సరిగా ఎగరదు. కర్రవైపు కేన్వాస్ పట్టీ, లోపల తాడు. చిరుగు మొదలయ్యేది ఎగిరే అంచు మూలల్లో, కాబట్టి అక్కడ రెండు మడతలు పెట్టి నాలుగు వరుసల కుట్టు వేయించండి. కుట్టించే ముందు ఆల్టెనా కౌన్సిల్ తీర్మానంలోని జెండా వర్ణన చూడండి. చిహ్నాన్ని కిరీటంతో సహా గుడ్డ మధ్యలో అతికించినంత మాత్రాన అది ఆ మునిసిపాలిటీ జెండా అయిపోదు.