ఫోటో కింద ఒక్క వాక్యం రాయడం ఇంత కష్టమా?

వన్‌టౌన్ కుర్రాడు: తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కి పోయి ఫోటోలు తీస్తుంటాను. సంక్రాంతి ముందు మంచు పట్టిన రోజుల్లో బోట్లు సగమే కనిపిస్తాయి, అవి బాగానే వస్తున్నాయి. గొడవంతా కింద రాసే వాక్యంతోనే. ఏం రాసినా వాట్సాప్ గుడ్ మార్నింగ్ మెసేజ్‌లా ఉంటోంది, మా చెల్లి అయితే "పక్కన గులాబీ కూడా పెట్టెయ్ అన్నయ్యా" అంటోంది. చిన్న వాక్యాల్లో పోలండ్ వాళ్లు మొనగాళ్లని విన్నా. ఎవరితో మొదలుపెట్టమంటారు?

జగదాంబ సెంటర్: రాతకైతే స్తానిస్వాఫ్ యెజి లెట్స్, ఒక్కో వాక్యంలోనే చురక పెట్టే పోలండ్ కవి. 1909లో ల్వూఫ్‌లో పుట్టాడు, ఆ ఊరు ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. యూదుడు. యుద్ధంలో జర్మన్ల క్యాంపులో పడ్డాడు, పారిపోబోయి దొరికితే మరణశిక్ష వేశారు, అయినా 1943లో తప్పించుకున్నాడు. తర్వాత వియన్నాలో పోలండ్ తరఫున ఉద్యోగం, అది వదిలి 1950లో ఇజ్రాయెల్, రెండేళ్లకే మళ్లీ వార్సా. అక్కడ సొంత రాతలు కొన్నాళ్లు అచ్చు కానివ్వకపోతే అనువాదాలు చేసుకుని బతికాడు. 1957లో వచ్చిన పుస్తకం పేరు మన మాటల్లో 'దువ్వని ఆలోచనలు'. నిద్ర లేచి అదే జుట్టుతో వీధిలోకి వచ్చేసినవన్నమాట. నీవేమో నూనె రాసి పాపిడి తీసుకుని వస్తున్నాయి, అదీ తేడా.

పెదవాల్తేరు మాస్టారు: బాబూ, ఫోటోలకైతే ఎడ్వర్డ్ హార్ట్విగ్‌ని చూడు. ఆయనా 1909 మనిషే, పుట్టింది మాస్కో, పెరిగింది లుబ్లిన్, నాన్నది ఫోటో స్టూడియో. మొదట్లో నీలాగే పొగమంచు పిచ్చి. తర్వాత తర్వాత మధ్యలో ఉండే బూడిద రంగులు తీసిపారేసి వట్టి నలుపూ తెలుపూ మిగిల్చేవాడు, 1960లో వచ్చిన 'ఫోటోగ్రాఫికా' ఆల్బమ్ అందుకే చూడాలి. 2003 దాకా బతికాడు. చెల్లెలు యూలియా పేరున్న కవయిత్రి, కాబట్టి నువ్వూ రాసే పని మీ చెల్లికి ఒప్పజెప్పెయ్.

జగదాంబ సెంటర్: హహ. సరే, ఒక ఫోటో చెప్పు, కింద ఏం రాశావో కూడా చెప్పు.

వన్‌టౌన్ కుర్రాడు: ఒడ్డుకి కట్టేసిన బోటు, దాని నీడలో వల తలకింద పెట్టుకుని నిద్రపోతున్న తాత. "విశ్రాంతిని మించిన సంపద లేదు" అని రాశా.

భీమిలి రోడ్డు: అయ్యో, కొట్టెయ్! ఆయన పడుకున్నాడని ఫోటోలో కనిపిస్తూనే ఉంది కదా, మళ్లీ నువ్వు చెప్పడం దేనికి? పైగా పని లేక పడుకున్నవాడికి అది సంపద ఏటి? ఎప్పుడు తీశావు?

వన్‌టౌన్ కుర్రాడు: మే నెలలో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేటకి వెళ్లనివ్వరు కదా, అప్పుడు.

భీమిలి రోడ్డు: మరి ఆ ముక్క రాయవేం?

వన్‌టౌన్ కుర్రాడు: "వేట నిషేధం, 32వ రోజు" అని పెట్టా. మా చెల్లి చూసి, "మిగతా రోజులు తాత ఏం తిన్నాడు?" అనడిగింది. గులాబీ ఊసెత్తలేదు.