రోబోకాన్ బాట్: 2 లీటర్ల ట్యాంకు ఎన్ని సైకిళ్లు లాగుతుంది?

బోర్25: రోబోకాన్‌లో (విద్యార్థుల రోబో పోటీ) గాలి ప్రెషర్ 6 బార్ దాటకూడదు. ట్యాంకు 2 లీటర్లు, రెగ్యులేటర్ (ప్రెషర్ తగ్గించి నిలిపేది) 4 బార్, గ్రిప్పర్‌కి 25 ఎంఎం బోర్ (లోపలి వ్యాసం), 100 ఎంఎం స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం), 10 ఎంఎం రాడ్ ఉన్న డబుల్ యాక్టింగ్ సిలిండర్, అంటే రెండు వైపులా గాలే నెట్టేది. పిస్టన్ పోతూ 49 మి.లీ., వస్తూ 41; ఈ పోయిరావడమే ఒక సైకిల్. మొత్తం 90ని 4 బార్‌తో గుణిస్తే సైకిల్‌కి 360 మి.లీ. మామూలు గాలి (1 బార్ దగ్గర కొలిచింది). ట్యాంకు 6 నుంచి 4కి దిగేలోపు అలాంటి గాలి 4 లీటర్లు ఇస్తుంది. 11 సైకిళ్లు రావాలిగా, మరి 7 సైకిళ్లే వస్తాయి అంటారేంటి?

శూన్యం: 4 కాదు, 5తో గుణించండి. మొదట్లో పిస్టన్ వెనక చోటే ఉండదు. ఆ 49 మి.లీ. అంతా 5 బార్ ఆబ్సల్యూట్ (గేజ్ చూపే 4కి బయటి గాలి 1 బార్ కలిపి) గాలే నింపాలి. సైకిల్‌కి 451, అంటే 8.

గేజ్‌వాది: ఒప్పుకోను. సిలిండర్లో 1 బార్ గాలి ఎలాగూ ఉంది కదా!

శూన్యం: ఉంది, పిస్టన్‌కి అవతల. అది ఎగ్జాస్ట్‌లోకి పోయేదే. మీ మాట చెల్లేది ట్యూబుల్లో. వాల్వ్‌కీ సిలిండర్‌కీ మధ్య గొట్టంలో 1 బార్ ముందే ఉంటుంది, అక్కడ 4తోనే గుణించాలి. 6 ఎంఎం ట్యూబ్ లోపల 4 ఉంటే మీటరుకి 12.6 మి.లీ. చెరో మీటరు వేస్తే సైకిల్‌కి 100 మి.లీ. దండగ. మొత్తం 552. అదీ ఆ 7. ట్యాంకు నుంచి వాల్వ్ దాకా ఉన్నది ఎప్పుడూ నిండే ఉంటుంది, దాన్ని కలపొద్దు.

లీకులవేట: వేడి సంగతి మరిచారు. గబగబా నింపితే గాలి వేడెక్కుతుంది. 45 డిగ్రీల దగ్గర 6 చూపిన గేజ్ 30కి చల్లారాక 5.67కి వస్తుంది. వాడేదే 2 బార్ కాబట్టి ఆరో వంతు పోయినట్టు, 7 కాస్తా 6. చల్లారనిచ్చి మళ్లీ నింపండి. అప్పటికీ ముల్లు దిగుతుంటే సబ్బు నీళ్లు పూయండి. ట్యూబ్‌ని ఏటవాలుగా కోసి పుష్ ఫిట్టింగ్‌లో దూర్చిన చోట బుడగలొస్తాయి.

గేజ్‌వాది: సరే, 5తో గుణించడం ఒప్పుకున్నా. కానీ 4 దగ్గరే ఎందుకు ఆపాలి? 3 బార్‌కి దిగినా 147 న్యూటన్లు వస్తాయి. ఆ పట్టు చాలితే ఇంకా సైకిళ్లు మిగిలినట్టే. పైలట్ సోలనాయిడ్ వాల్వ్ (గాలి ప్రెషర్ సాయంతో మారే కరెంటు వాల్వ్) కనీస ప్రెషర్ మాత్రం డేటాషీట్లో చూసుకోండి.

బోర్25: తిరిగొచ్చేటప్పుడు పట్టు అక్కర్లేదు. రిటర్న్‌కి 2 బార్ పెడితే?

శూన్యం: సైకిల్‌కి 444 మి.లీ., ట్యూబులతో కలిపే. 9 సైకిళ్లు. రెండో రెగ్యులేటర్ వాల్వ్‌కీ రాడ్ వైపు పోర్టుకీ మధ్య, పక్కనే చెక్ వాల్వ్ (గాలిని ఒకే దిక్కుకి వదిలేది). అది లేకపోతే ముందుకెళ్లేటప్పుడు ఆ వైపు గాలి బయటపడలేక పిస్టన్ నత్తనడక నడుస్తుంది.