ఇంగ్లండులో ఇల్లు ఖాళీ చేస్తున్నా, డిపాజిట్ ఎట్ల రాబట్టుకోవాల?

అనంతపురం_పిల్లోడు:
లీసెస్టర్‌లో ఎంఎస్సీ అయిపోయింది, నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేసి ఊరికొస్తున్నా. ఐదు వారాల అద్దె డిపాజిట్ కట్టింటి. గోడకు నాలుగు మేకు బొక్కలున్నాయని, కంపెనీవాళ్లతో క్లీనింగ్ చేయించాలని ఓనర్ సగం కోస్తానంటున్నాడు. మా నాయన చీటీ ఎత్తి పంపిన దుడ్లు అవి. ఇంకోటి, ఇక్కడి బ్యాంకు ఖాతా మూసేస్తే డబ్బు యాడికొస్తాది?

బురుజు_పక్కింటోడు:
తమ్ముడూ, ఆఖరు నెల అద్దె ఆపేయ్, డిపాజిట్లో పట్టుకోమను. కర్నూలు సి క్యాంపులో మేమందరం అట్లే బయటపడినాం.

డల్లాస్_కడప:
ఆ సలహా వినొద్దబ్బీ. టెక్సస్‌లో కావాలని అట్ల ఆపితే, ఆపిన అద్దెకు మూడింతలు కట్టాలని చట్టంలోనే ఉంది. నేను కొత్త అడ్రస్ రాసివ్వకుండా వచ్చేసినా. అది రాసిచ్చేదాకా డిపాజిట్ తిరిగివ్వాల్సిన పని ఓనర్‌కు లేదంట. ఎర్రముక్కపల్లి అడ్రస్ పంపినాకనే చెక్కు కదిలింది.

బురుజు_పక్కింటోడు:
టెక్సస్ సంగతి ఎవరడిగినారు? పిల్లోడుండేది ఇంగ్లండులో.

సాయినగర్_ఇంటామె:
అనంతపురంలో నాకు రెండు పోర్షన్లున్నాయి. అద్దె ఆపి పోయే మీలాంటోళ్ల వల్లే అడ్వాన్స్ పెంచాల్సొచ్చింది. పోయినేడు ఖాళీ చేసినోళ్లు కరెంటు బిల్లు కూడా కట్టకుండా పోయిరి.

బురుజు_పక్కింటోడు:
అమ్మా, ఐదేండ్లు కాపురమున్న ఇంటికి సున్నం మాసిపోదా? నా 30 వేల అడ్వాన్సులో 12 వేలు పెయింటుకని పట్టుకున్నారు. నెల తర్వాత పోయి చూస్తే అవే గోడలు, కొత్త సంసారం. రంగే వేయలేదు!

సాయినగర్_ఇంటామె:
అందరినీ ఒకే గాటన కట్టొద్దు. నేను రూపాయితో సహా లెక్క రాసిస్తా.

లండన్_పెద్దన్న:
పదకొండేండ్లు, ఐదిళ్లు, ఒక్క పౌండు వదల్లేదు నేను. రాసుకో. ఇంగ్లండులో డిపాజిట్ తీసుకున్న 30 రోజుల్లో ఓనర్ దాన్ని డిపాజిట్లు కాపాడేదానికి సర్కారు ఒప్పుకున్న మూడు స్కీముల్లో ఒకదాంట్లో పెట్టాల. పెట్టకపోతే కోర్టు డిపాజిట్‌కు మూడింతల దాకా కట్టిస్తాది. 2019 చట్టం వచ్చినాక కంపెనీ క్లీనింగే చేయించాలని పట్టుబట్టేదానికి లేదు, చేరిన్నాడు ఎంత శుభ్రంగా ఉండెనో అంత చేసిస్తే చాలు. తగాదా వస్తే స్కీమువాళ్లే పైసా తీసుకోకుండా తేలుస్తారు. పాడు చేసినావని రుజువు చూపాల్సింది ఓనరే. చేరిన్నాటి ఇన్వెంటరీ (ఇంట్లో ఏది ఎట్లుండెనో రాసిన పట్టీ), ఫొటోలు వెదుకు.

మ్యూనిక్_తాడిపత్రి:
మీదే నయం. జర్మనీలో మూడు నెలల అద్దె దాకా పెట్టించుకుంటారు, హీటింగ్ లెక్క తేలాలని కొంత నెలలకు నెలలు ఆపుకుంటారు. నాదింకా రాలే.

అనంతపురం_పిల్లోడు:
పెద్దన్నా, స్కీములోనే ఉంది, ఇప్పుడే చూసినా. ఇన్వెంటరీ ఫొటోల్లో ఆ బొక్కలు నేను చేరకముందే ఉన్నాయి! ఓనర్‌కు ఈ రాత్రే మెయిల్ పెడతా. ఖాతా సంగతి ఎవరూ చెప్పలే.

డల్లాస్_కడప:
డబ్బు పడేదాకా మూయొద్దు. ఆ ఫోన్ నంబరు కూడా వదలొద్దు, ఓటీపీ దానికే వస్తాది.

బురుజు_పక్కింటోడు:
ఇల్లు చేరిన్నాడు ఒక్క ఫొటో తీసి పెట్టుకోకపోతిని. ఇంటామే, నా 12 వేలు ఇప్పుడడిగినా ఇస్తారంటావా?